సాన వదిన ఓటు

మా వదినకు ఆ ఓటు ఎలా వచ్చిందో చెబితే నవ్వుతారు. ఎవరికీ అక్కర్లేక వచ్చింది.

మా ఊరి హాకీ స్టేడియం పాతబడిపోయింది. మంచు మీద ఆడే హాకీ కాబట్టి దాని జబ్బులు కూడా వేరు. మంచు కింద నేల ఏళ్ల తరబడి గడ్డకట్టి ఒకవైపు ఉబ్బిపోయింది. పైకప్పు నుంచి కారిన నీళ్లు మంచు మీద బొడిపెలు కట్టేవి. చల్లదనం పుట్టించే యంత్రాలు ముసలాళ్లలా దగ్గేవి. దాన్ని బాగుచేయించాలా, పడగొట్టి ఊరి చివర కొత్తది కట్టాలా అని తేల్చడానికి తొమ్మిది మందితో ఒక కమిటీ వేశారు. అందులో ఒక కుర్చీ స్టేడియంలో పనిచేసేవాళ్లది. ఎవరు కూర్చుంటారని మేనేజరు అడిగేసరికి అందరం నేలచూపులు చూశాం. మంచు చదును చేసే బండి నడిపే మా ఆయన, శుభ్రంగా కట్టి ఉన్న బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నారు. టికెట్ల కిటికీలో కూర్చునే నేను, కిటికీ దగ్గర ఎవరో పిలిచారని చెప్పి లేచిపోయాను. ఆ సమయానికి అక్కడ లేనిది మా వదిన ఒక్కతే. ఎవరివో స్కేట్లకు, అంటే మంచు మీద జారే బూట్ల కింది ఇనప అంచులకు, సానపడుతూ మెట్ల కింద తన గదిలో ఉండిపోయింది. లేని మనిషి కాదనదు కదా, ఆవిడ పేరు రాసేశారు.

సాయంత్రం ఆ సంగతి చెబితే "మీటింగులో టీ ఇస్తారా?" అని మాత్రం అడిగింది.

వదిన అంటే మా ఆయన అక్క. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదమ్మా" అనేది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ మాతోనే ఉంది. మొదటి ఏడాది ఆవిడంటే నాకు హడల్. తర్వాత తెలిసింది, ఆవిడకు కోపం రాదని. కోపమంతా నాకే ఇచ్చి పంపాడు దేవుడు. నేను ఇంట్లో గిన్నెలు ఎత్తి పడేస్తుంటే ఆవిడ పక్కనే కూర్చుని, "ఆ మూత కూడా పడెయ్యవే, ఒంటరిగా ఏం చేస్తుంది పాపం" అనేది. అలాంటి మనిషితో గొడవపడటం ఎలాగో మీరే చెప్పండి.

స్టేడియంలో ఆవిడ పని స్కేట్లకు సానపట్టడం. ఊళ్లో అందరికీ ఆవిడ సాన అత్త. మెట్ల కింద వాలుగా ఉన్న గదిలో సానరాయి యంత్రం, ఒక ఎత్తు పీట, గోడ నిండా కొక్కేలకు వేలాడే స్కేట్లు. లోపలికి వెళ్లినవాడు లేచేటప్పుడు తల చూసుకోకపోతే మెట్టు నెత్తికి తగిలేది. మా టికెట్ల కిటికీకి సరిగ్గా ఎదురుగా ఆ గది తలుపు. అందుకని ఆవిడ పనిచేయడం నేను చూసినంతగా ఇంకెవరూ చూసి ఉండరు. స్కేటు అందుకోగానే అంచును బొటనవేలి గోటి మీద ఒక్కసారి అడ్డంగా లాగేది. గోటి పొడి రాలితే పదును ఉన్నట్టు. ఆ వేలి గోరు ఎప్పుడూ అరిగి గరుకుగా ఉండేది. స్కేట్లు తెచ్చినవాళ్లను మాటల్లో పెట్టి నవ్వించి, వాళ్లు నవ్వుతుండగానే రెండు కాళ్లవీ చేసి ఇచ్చేసేది. పని అయిపోయాక కూడా చాలామంది కదిలేవారు కాదు. ఇంట్లో పోట్లాటలు, పరీక్షలు తప్పడాలు, ప్రేమలు, అన్నీ ఆ పీట ముందు దిగబోసి పోయేవారు. నేను కిటికీలోంచి చెవులు రిక్కించేదాన్ని. సానరాయి మోత వల్ల సగం వినపడక నా ప్రాణం ఉసూరుమనేది.

ఆ మోత సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

స్టేడియం కట్టిన రోజుల్లో ఆడపిల్లలు హాకీ ఆడతారని ఎవరి కలలోకీ రాలేదు. మా ఊరి మగపిల్లలకు ఒక గది, బయటి నుంచి వచ్చే మగపిల్లలకు ఒక గది కట్టారు. పైన పాత ఆటగాళ్లు కూర్చుని కబుర్లాడుకోవడానికి మంచి కిటికీలున్న పెద్ద గది ఒకటి. అంతే. చాలా ఏళ్ల తర్వాత అమ్మాయిల జట్టు మొదలైంది. పాపం ఆ పిల్లలు మరుగుదొడ్లో తడి నేల మీద ఒంటికాలి మీద నిలబడి సాక్సులు మార్చుకునేవారు. ఒకరోజు వదిన అటు వెళ్లి చూసి, "ఇదేం ఖర్మే, నా గదిలోకి రండి" అని పిలుచుకొచ్చింది. ఆ రోజు నుంచి జట్టంతా ఆ గదిలోనే. ఒకరి మోచెయ్యి ఇంకొకరి ముక్కుకు తగులుతూ, ఒకరి ప్యాడ్లు ఇంకొకరు తొడుక్కుని గోల చేస్తూ, మొత్తానికి తయారై బయటికొచ్చేవారు. ఆ తలుపు గడియ ఎప్పుడో ఊడిపోయింది. అందుకని వదిన ఒక పద్ధతి పెట్టింది. పిల్లలు లోపల ఉన్నంతసేపూ తను గోడ వైపు తిరిగి, స్కేటేమీ పెట్టకుండానే సాన తిప్పేది. ఖాళీ సాన మోత వేరుగా ఉంటుంది, ఆగకుండా సన్నగా ఈల వేస్తుంది. ఆ ఈల వినపడితే ఎవరూ ఆ తలుపు జోలికి పోకూడదు. "సాన మోగుతోంది" అంటే చాలు, ఎంతటివాడైనా చేతిలో స్కేట్లు పట్టుకుని నా కిటికీ దగ్గర నిలబడాల్సిందే. ఒకసారి మునిసిపల్ ఛైర్మన్‌నే అలా నిలబెట్టాను. ఆయన కూడా బుద్ధిగా నిలబడ్డాడు. బయటి ఊళ్ల జట్లకు కూడా ఆ పద్ధతి తెలిసిపోయింది.

అలా ఏళ్లు గడిచిపోయాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది లేదనుకున్నాం.

కమిటీ రెండు మూడుసార్లు కూర్చునేసరికి సంగతి తేలిపోయింది. నలుగురు బాగుచేద్దాం అన్నారు, నలుగురు కొత్తది కడదాం అన్నారు. మా వదిన టీ తాగింది. ఆవిడ ఎటు చెయ్యెత్తితే అటే నిర్ణయం. ఇంకేముంది, మెట్ల కింద గది ముందు జనం! కొత్త స్కేట్లను కూడా సానపట్టమని తెచ్చేవారు. కూరగాయలు తెచ్చిపెట్టినవాడొకడు, గది గోడకు ఊరికే సున్నం వేస్తానని వచ్చినవాడొకడు. "ఓటు పడ్డాక కూడా ఇలాగే రండమ్మా" అని వదిన నవ్వుతూనే అందరినీ పంపించేసేది.

ఊళ్లో ఎక్కువమంది పాతదాని వైపే ఉన్నారు. అది ఇళ్ల మధ్యలో ఉంది. పిల్లలు నడిచి వచ్చేస్తారు. అందరి తాతలూ తండ్రులూ అక్కడ ఆడినవాళ్లే. కొత్తది కట్టే చోటికి బస్సెక్కి పోవాలి. మా ఇంట్లో మా ఆయనైతే పాతదాన్ని పడగొడతారన్న మాటే వినలేకపోయేవారు. ఆ మంచు మీద ఆయనకు తెలియని గుంట లేదు. ఇక నా సంగతి చెప్పాలా? మా వదిన గది పోతుందన్నది నా బాధ. కొత్త స్టేడియం నడపబోయే కంపెనీవాళ్లు ముందే చెప్పారు, స్కేట్లకు తమ దుకాణంలో ఒక పెట్టె లాంటి యంత్రం ఉంటుందని, స్కేటు అందులో పెట్టి మీట నొక్కితే అదే సానపడుతుందని. అంటే అక్కడ సాన అత్తకు చోటు లేదు. ఆ వయసులో ఆవిడ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. తన గదిని తనే కూల్చుకునే పిచ్చిది కాదు మా వదిన అనుకుని, నా కిటికీ దగ్గర నిలబడ్డ ప్రతివాడికీ "బెంగపడకండి, మా వదిన ఓటు పాతదానికే, నాది పూచీ" అని చెప్పేశాను. నా నోటికి తాళం ఎప్పుడు పడింది గనుక!

అలా ఉండగా కమిటీ మొత్తం ఒక ఆదివారం పొద్దున స్టేడియం చూడటానికి వచ్చింది. బాగుచేయడానికి గీసిన పటాలు పట్టుకుని ఒక ఇంజనీరమ్మ వెంట నడిచింది. కమిటీ పెద్ద మా ఊరి హాకీ జట్టు పాత కెప్టెను. ఇప్పుడు సోఫాలు, మంచాలు అమ్ముకునే దుకాణం ఉంది ఆయనకు. మంచివాడే, పొట్ట వచ్చినా ఇంకా ప్రతి వారం స్కేట్లు సానపట్టించుకుని మంచు మీద నాలుగు చుట్లు తిరిగే మనిషి. ఒక్కొక్కటీ చూపిస్తూ ఆయన మురిసిపోతున్నాడు. ఈ చెక్క బల్లలు ఇలాగే ఉంచుతాం, ఈ గడియారం ఉంచుతాం, పైన పాత ఆటగాళ్ల గదిలో ఫోటోలన్నిటికీ కొత్త అద్దాలు వేయిస్తాం అంటూ.

ఇంజనీరమ్మ పటం తిరగేసి, "అమ్మాయిల జట్టు ఉంది కదండీ, వాళ్లు బట్టలు ఎక్కడ మార్చుకుంటారు?" అని అడిగింది.

"ఎక్కడేంటమ్మా, మెట్ల కింద అమ్మాయిల గది ఉందిగా" అన్నాడు కెప్టెను. పక్కనున్నవాళ్లంతా అవునన్నట్టు తలలూపారు. అమ్మాయిల జట్టు పెట్టినప్పటి నుంచే ఉందని ఒకాయన మాట కలిపాడు.

ఆవిడ పటంలో వేలు పెట్టి వెతికి, "ఇక్కడ సామాను గది అని ఉందే" అంటూ వెళ్లి తలుపు తోసింది. లోపల సానరాయి, పీట, కొక్కేలకు స్కేట్లు. తల వంచుకుని చుట్టూ చూసింది. "ఇది సానపట్టే గది కదండీ. నేనడిగింది అమ్మాయిల గది."

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లు అబద్ధం ఆడలేదు, అది నాకు తెలుసు. వాళ్లందరికీ నిజంగానే అక్కడ ఒక గది ఉందని నమ్మకం. అమ్మాయిలు రోజూ వస్తారు, తయారై మంచు మీదికి వెళ్తారు, కాబట్టి గది ఉండే ఉంటుంది. రోజూ దానికి ఎదురుగా కూర్చునే నేను కూడా అలాగే అనుకున్నానంటే చూడండి. పోనీ బాగుచేసేటప్పుడు వేరేగా ఒకటి కట్టండి అని ఎవరో అన్నారు. వీలుకాదంది ఇంజనీరమ్మ. ఒకపక్క రోడ్డు, రెండు పక్కల ఇళ్లు, వెనక యంత్రాల గది. లోపల కట్టాలంటే పైనున్న పాత ఆటగాళ్ల గదినే మార్చాలి, ఇంకో చోటు లేదంది.

"సరేలెండి, ఇన్నాళ్లూ సర్దుకున్నారుగా, ఇక ముందూ సర్దుకుంటారు" అని కెప్టెను నవ్వేసి ముందుకు నడిచాడు. అందరూ ఆయన వెనకే నడిచారు. మా వదిన మాత్రం తన గది గుమ్మంలోనే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర కూడా ఆవిడ జోకు వేయలేదు. నాకు భయం వేసింది.

"ఒరే తమ్ముడూ, ఆ ఖాళీ సాన మోగించకుండా ఉండాల్సిందిరా నేను" అంది ఉన్నట్టుండి.

"అదేంటక్కా, నువ్వే లేకపోతే ఆ పిల్లలు ఏమైపోయేవాళ్లు?" అన్నారు మా ఆయన.

"ఏమైపోయేవాళ్లు? తలుపులు బాదేవాళ్లు. వాళ్ల అమ్మలొచ్చి కేకలేసేవాళ్లు. ఊరికి సిగ్గేసి గది కట్టేది. నేను సర్దిపెట్టబట్టే ఎవరికీ కనపడలేదు. చూశావుగా, ఉందనుకున్నారు! మెట్ల కింద అమ్మాయిల గది ఉందట!"

మా ఆయన పళ్లెంలో గీతలు గీస్తూ కూర్చున్నారు. ఆయనకు తెలిసిన కథే అది. వదిన చిన్నప్పుడు ఆ మంచు మీదే ఆడింది. అమ్మాయిల జట్టు లేని రోజులు, మగపిల్లల జట్టులో గోలీగా, అంటే గోలు కాసేదానిగా నిలబడింది. కెప్టెను కూడా అదే జట్టు. మిగతా పిల్లలు గదిలో బట్టలు మార్చుకుంటే ఈవిడ ఇంటి దగ్గరే ప్యాడ్లన్నీ కట్టుకుని వీధి వెంట అలాగే నడిచి వెళ్లేది. వెనక ఈవిడ కర్ర మోస్తూ మా ఆయన. ఆట అయ్యాక చెమటతో తడిసిన బట్టల మీదే, ఆ చలిలో మళ్లీ ఇంటికి. ఒక శీతకాలం ఊపిరితిత్తులకు నెమ్ము చేసి మంచాన పడింది. లేచాక మా అత్తగారు ప్యాడ్లు ఎవరికో ఇచ్చేశారు. అంతటితో సరి. పెద్దయ్యాక సానపట్టే పని ఖాళీ ఉందంటే పరుగెత్తుకెళ్లి చేరింది, ఆ మంచు పక్కన ఉండొచ్చని.

"అయితే కొత్తదానికి చెయ్యెత్తుతారా ఏంటి?" అన్నాను నేను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది. "మీ గది పోతుంది వదినా! అక్కడ మీకు పీట కూడా వేయరు!"

"తెలుసే. కొత్తదాని పటంలో అమ్మాయిలకు వేరే గది ఉంది. అయినా ముందు పాతదానిలోనే అడిగి చూస్తాను. ఆ పై గది ఇస్తే పాతదే ఉంటుంది, నా సానా ఉంటుంది, నీ మాటా నిలబడుతుంది" అంది. నేను ఊరంతా పూచీ పడ్డ సంగతి ఆవిడకు ఎప్పుడో చేరిపోయింది.

మర్నాడు ఇద్దరం కెప్టెను దుకాణానికి వెళ్లాం. ప్లాస్టిక్ కాగితం తీయని సోఫాలో కూర్చోబెట్టాడు. కదిలితే చాలు కిర్రుమంటోంది. వదిన నెమ్మదిగా, నొప్పించకుండా అడిగింది. పాత స్టేడియం బాగుచేద్దాం, నా చెయ్యి కూడా మీవైపే, ఆ పై గది మాత్రం ఆడపిల్లలకు ఇచ్చేయండి అని.

కెప్టెను నుదురు రుద్దుకున్నాడు. "అక్కా, అది ఒట్టి గది కాదు. మా నాన్న ఫోటో ఉంది అందులో. మా మొదటి కప్పు ఉంది. వారానికోసారి అందరం కూర్చునే చోటు. పిల్లలు నీ దగ్గర సంతోషంగానే ఉన్నారు కదా?"

"నేను ఎందుకు ఆట మానేశానో నీకు తెలుసా?" అంది వదిన.

"అదే నాకు ఇప్పటికీ తెలియదక్కా. నీలాంటి గోలీ మళ్లీ రాలేదు మాకు. ఒకరోజు రావడం మానేశావు. కోపమొచ్చిందేమో అనుకున్నాం."

వదిన చెప్పింది. రెండే మాటల్లో చెప్పింది. మీకు గది ఉంది, నాకు లేదు అని. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, అది నేను చూశాను. మీటింగులో తప్పకుండా మాట్లాడతానక్కా అన్నాడు. బయటికొచ్చాక "పని అయిపోయింది వదినా!" అని నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఆవిడ మాత్రం "చూద్దాంలే" అంది.

మీటింగు స్టేడియంలోనే పెట్టారు, పైనున్న ఆ గదిలోనే. వినడానికి ఊరివాళ్లు కూడా రావచ్చన్నారు కాబట్టి గోడల వెంట కిక్కిరిసి నిలబడ్డాం. వదిన తనకు ఇచ్చిన టీ పక్కన పెట్టి అదే మాట అడిగింది. కెప్టెను లేచి, అక్క అడిగింది ఆలోచించాల్సిన మాటే అన్నాడు. బాగుచేద్దామన్న మిగతా ముగ్గురూ ఒక్కసారిగా ఆయన మీద పడ్డారు. ఈ గోడ మీద ఫోటోలు ఏ చెత్తలో పడేస్తావన్నారు. ఇన్నేళ్లుగా లేని గోల ఇప్పుడెందుకన్నారు. పిల్లలు తెర కట్టుకుని సాన గదిలోనే కానిస్తారు, కావాలంటే గడియ వేయిస్తామన్నారు. కెప్టెను నీళ్లు నమిలాడు. "మరి అందరూ అలా అంటే..." అని కూర్చున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను కమిటీ మనిషిని కాదు, మాట్లాడకూడదు. అయినా అరిచేశాను. "ఫోటోలకు కిటికీలున్న గది కావాలి, ప్రాణమున్న పిల్లలకు మెట్ల కింద చాలా? మీ ఇళ్లలో ఆడపిల్లలు లేరా? ఆ ఫోటోల్లో ఉన్నవాళ్లకు చలేస్తుందా, చెమట పోస్తుందా?" మా ఆయన నా చెయ్యి పట్టుకుని లాగుతున్నారు. వెనక నుంచి ఎవరో "పాతదానికి పూచీ పడింది నువ్వేగా" అన్నారు. నవ్వులు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి, అయినా నోరు మాత్రం ఆగలేదు.

"ఊరుకోవే. వాళ్లేమీ దొంగలు కాదు" అంది వదిన. తర్వాత వాళ్లతో అంది. "బాబూ, నాకూ ఈ స్టేడియం అంటే ప్రాణమే. నా బతుకంతా దీని మెట్ల కిందే గడిచింది. ఇది ఉండాలనే అడిగాను. మీకు గది వదలబుద్ధి కాలేదు. నాకూ నా గది వదలాలని లేదు. ఎవరో ఒకరు వదలాలి కదా."

కొత్తది కట్టాలనేవాళ్లను చేతులెత్తమన్నప్పుడు ఆవిడ చెయ్యి ఎత్తింది. ఎత్తి, దించమనేదాకా అలాగే ఉంచింది. నేను మా ఆయన మొహం చూడలేకపోయాను. ఆయన కిటికీలోంచి కింద మంచు వైపు చూస్తూ నిలబడ్డారు.

ఆ తర్వాత రోజులు బాగా లేవు. అబద్ధం ఎందుకు చెప్పాలి? కూరగాయలవాడు మొహం తిప్పుకున్నాడు. స్కేట్లు తెచ్చినవాళ్లు అక్కడ పెట్టేసి, నవ్వకుండా, కబుర్లు చెప్పకుండా పోయేవారు. మా ఆయన అక్కతో పొడిపొడిగా మాట్లాడేవారు. ఒకరోజు వదినే వెళ్లి ఆయన మంచు బండి ఎక్కి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఖాళీ మైదానం మీద ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం ఆయన అక్కకు ముందు వడ్డించమన్నారు. ఎవరు ఎలా ఉన్నా పిల్లలు మాత్రం రోజూ వచ్చారు. పాత స్టేడియం మూసే రోజు దాకా ఆవిడ వాళ్ల కోసం గోడ వైపు తిరిగే కూర్చుంది. మూసేశాక సానరాయి యంత్రాన్ని మా పెరటి గదికి చేర్చాం. మొదట్లో ఇద్దరు ముగ్గురు స్కేట్లు పట్టుకుని వచ్చారు. తర్వాత మీట నొక్కడం అందరికీ అలవాటైపోయింది. ఇంట్లో ఉన్న కత్తిపీట, కత్తెరలు, చివరికి పక్కింటివాళ్ల గడ్డి కోసే కత్తి కూడా సానపట్టి కూర్చునేది ఆవిడ. "ఇక చెంచాలు తెస్తాను, అవీ పదునుపెట్టండి" అని నేను వేళాకోళం ఆడితే నవ్వేది. నవ్వు అయ్యాక మళ్లీ ఆ కత్తెరే అందుకునేది.

కొత్త స్టేడియంలో అమ్మాయిల మొదటి ఆటకు ఆవిడను బస్సెక్కించి తీసుకెళ్లాను. నాకు అక్కడ కూడా కిటికీ ఇచ్చారు, ఈసారి అద్దాల కిటికీ. ఆట మొదలవడానికి ఇంకా చాలా సేపుంది. వదిన నేరుగా అమ్మాయిల గదికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. వెడల్పాటి బల్లలు, ఒక్కొక్కరికి ఒక్కొక్క అర, వేడినీళ్ల స్నానాల గదులు. వదిన ఒక్కొక్క బల్ల మీదా చెయ్యి వేసి చూస్తూ తిరిగింది. వేడినీళ్ల కుళాయి తిప్పి వేళ్లు పెట్టి, కాసేపు అలాగే ఉంచింది. అంతలో పిల్లలు బిలబిలమంటూ వచ్చేశారు. అత్తా అంటూ చుట్టూ మూగారు, కౌగిలించుకున్నారు. వదిన అలవాటుగా ఒక బల్ల చివర కూర్చుని, గోడ వైపు తిరగబోయింది.

అమ్మాయిల జట్టు కెప్టెను ఒక పొడుగమ్మాయి. చిన్నప్పుడు వదిన ఒళ్లో కూర్చుని లేసులు కట్టించుకున్న పిల్లే. కాసేపు అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చి, మొహమాటంగా అంది. "అత్తా, ఏమనుకోకండి. మీరు కాస్త బయట ఉంటారా? మేం బట్టలు మార్చుకోవాలి."

నాకు ఒళ్లు భగ్గుమంది. ఎవరితో మాట్లాడుతున్నావే, ఈ గది ఎవరి వల్ల వచ్చిందనుకున్నావే అని నా నాలుక చివరిదాకా వచ్చింది. వదిన నా మణికట్టు పట్టుకుని బయటికి లాక్కొచ్చేసింది. వెనక పిల్లల నవ్వులు, కేకలు. లోపల ఎవరో పాట అందుకున్నారు.

"చూశారా వదినా, మిమ్మల్నే పొమ్మంటారా! పొగరు కాకపోతే ఏంటి?" అన్నాను నడవాలో.

"అవునే, పొమ్మన్నారు" అంది. నేను ఆవిడ ఏడ్వడం అంతకు ముందు చూడలేదు. "మా గదిలో నువ్వెందుకు, పొమ్మన్నారు. నాకూ ఆ వయసులో ఎవరినైనా అలా పొమ్మనాలని ఉండేదే."

నడవాలో ఉన్న బెంచీ మీద కూర్చుంది. కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. నేను పక్కన కూర్చున్నాను. పిల్లలు తయారై వచ్చేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.